పాత ఎస్టీమ్‌కు పవర్ స్టీరింగ్: బరువు తగ్గడానికి 42 రోజులు పట్టింది

మాది 1998 మారుతి ఎస్టీమ్ కారు, కార్బురేటర్ బండి. నాన్న రైల్వేలో ఉద్యోగం చేస్తుండగా కొన్నారు. ఆయనకిప్పుడు 79. చూపు తగ్గి స్టీరింగ్ పట్టడం మానేసి ఆరేళ్లయింది. అప్పట్నుంచీ నేనే నడుపుతున్నాను. చెన్నై పెరంబూరు నుంచి నెలకోసారి ఆయన్ని కంటి ఆసుపత్రికి, పండగలకి నెల్లూరుకి తీసుకెళ్లేది ఈ బండిలోనే.

2024 ఆగస్టులో నా ఎడమ భుజం పట్టేసింది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. తగ్గడానికి ఏడాది పట్టవచ్చు, రెండేళ్లు కూడా పట్టవచ్చు, ఓపిక పట్టాలన్నారు డాక్టరు. మామూలు రోడ్డు మీద ఫరవాలేదు. మా సందులో బండిని వెనక్కి తీసి గేటులోకి తిప్పేటప్పుడు మాత్రం ప్రాణం పోయేది. పవర్ స్టీరింగ్ లేని బండిని నిలబెట్టిన చోట తిప్పాలంటే ఎంత బలం పెట్టాలో పాత బండ్లు నడిపినవాళ్లకు తెలుసు. కుడిచేత్తో లాగి, మోకాలితో ఆపి, మళ్లీ కుడిచేత్తో లాగేదాన్ని. కళ్లలో నీళ్లు తిరిగేవి. పక్క సీట్లో ఉన్న నాన్న అది చూసి, "అమ్మేద్దాంలేమ్మా" అన్నారు. ఆ మాట అన్న మర్నాడే పాత బనీను గుడ్డ తీసుకుని బానెట్ తుడుస్తున్నారు. ఇక అమ్మే మాట ఎత్తలేదు నేను.

ఎస్టీమ్‌లోనే పై మోడల్‌కు పవర్ స్టీరింగ్ ఉండేది. ఇంజిన్ అదే, ముందు భాగం అదే. కాబట్టి పాత బండిలోంచి ఊడదీసిన సెట్టు దొరికితే మాదానికి ఎక్కించవచ్చని మా వీధి చివరి షెడ్డులో చెప్పారు. వేరే బండి స్టీరింగ్ కాలమ్‌కు, అంటే స్టీరింగ్ చక్రం కింది కడ్డీకి, ఉండే ఎలక్ట్రిక్ మోటారు బిగిస్తామని ఇంకొకరన్నారు. ఈ బండికి లేని వైరింగ్ కొత్తగా లాగడం నాకు ధైర్యం చాలక వద్దన్నాను.

ఫిబ్రవరి 8, శనివారం. బడికి సెలవు. షెడ్డు మెకానిక్‌తో కలిసి పుదుపేట వెళ్లాను. విప్పిన కార్ల భాగాలు గుట్టలుగా పోసి అమ్మే చోటు అది. ఒక సందంతా తలుపులు, ఇంకో సందంతా ఇంజిన్లు. మూడు గంటలు తిరిగితే సెట్టు దొరికింది. పవర్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను పక్కకు తోసే భాగం), దానికి ఆయిల్ నెట్టే పంపు, పంపు బ్రాకెట్, పుల్లీ, ఆయిల్ డబ్బా, పైపులు, స్టీరింగ్ కాలమ్ కింద ర్యాక్‌కు కలిపే షాఫ్టు, అన్నీ కలిపి 14 వేలు. 18 దగ్గర మొదలైన బేరం అది. ర్యాక్ రబ్బరు తొడుగులు చిరగలేదు, పంపు చేత్తో తిప్పితే తిరిగింది. మెకానిక్ చూసింది అంతే. ఆ చిన్న షాఫ్టును ఎవరూ చేతిలోకి తీసుకోలేదు. నేనూ తీసుకోలేదు. దాన్ని అటూ ఇటూ వంచి చూసుంటే మొత్తం కథ అక్కడే తేలిపోయేది.

10వ తేదీ సోమవారం బండి షెడ్డులో పెట్టాను. రెండు రోజులన్నారు, ఆరు రోజులు పట్టింది. హై ప్రెషర్ హోస్ పాతది పగిలి ఉందని కొత్తది తెప్పించారు, 1,800. బెల్టు 350. ఆయిల్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసే ఎర్ర ఏటీఎఫ్, రెండు లీటర్లు 900. కూలి 4,500. సెట్టు ధరతో కలిపి అప్పటికే 21,550 అయింది. నెలాఖరు వరకు ఇల్లెలా గడుస్తుందా అని లెక్కలు వేసుకుంటూనే ఇచ్చాను. ఒక్కసారి పెడితే భుజం బతికిపోతుందనుకున్నాను.

15వ తేదీ సాయంత్రం తాళం చేతికిచ్చారు. స్టార్ట్ చేసి, సందు మలుపులో స్టీరింగ్ తిప్పాను. ముందుకంటే బరువుగా ఉంది!

ఆ క్షణం ఎలా అనిపించిందో చెప్పలేను. అలవాటు లేక అలా అనిపిస్తోందేమోనని రెండు వీధులు తిరిగాను. ఉహూఁ. మలుపు తిప్పుతుంటే మూలుగు కూడా వస్తోంది, ముసలి కుక్క గురకలాగ. ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. నాన్న ఏమీ అడగలేదు, కాఫీ తెచ్చి పక్కన పెట్టారు.

తరవాత తెలిసిన విషయం ఇక్కడే చెప్పేస్తాను. పవర్ ర్యాక్‌కు సాధారణంగా తక్కువ చుట్లు ఉంటాయి. మామూలు ర్యాక్ అయితే ఎక్కువ చుట్లు తిప్పాలి గానీ ఒక్కో చుట్టూ తేలిక. పవర్ ర్యాక్‌కు పంపు సాయం అందకపోతే పాత స్టీరింగ్ కంటే బరువుగానే ఉంటుంది. అంటే నాకు తోచింది నా భ్రమ కాదు.

మర్నాడు ఆదివారం, షెడ్డు సెలవు. నేనే బానెట్ ఎత్తి ఆయిల్ డబ్బా మూత తీశాను. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ లేత గులాబీ రంగులో, పైన నురుగుతో ఉంది, రోజ్‌మిల్క్ గిలక్కొట్టినట్టు. సోమవారం చూపిస్తే మెకానిక్ వెంటనే ఒప్పుకున్నాడు. లైన్లో గాలి ఉండిపోయింది. గాలి నలిగిపోతుంది, ఆయిల్ నలగదు. కాబట్టి గాలి ఉంటే ర్యాక్‌కు తోపుడు సరిగా అందదు, పంపు మూలుగుతుంది. చక్రాలు పైకెత్తి, ముందు ఇంజిన్ ఆఫ్‌లో ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా ఇరవైసార్లు తిప్పాడు. ఆయిల్ తగ్గినప్పుడల్లా పోశాడు. తరవాత ఇంజిన్ ఆన్ చేసి మళ్లీ తిప్పాడు. బెల్టు కూడా వదులుగా ఉందని బిగించాడు. చివరిదాకా తిప్పి అక్కడే గట్టిగా పట్టి ఉంచొద్దు, ఆయిల్ కాగిపోతుంది, పంపు పాడవుతుందని నాకు చెప్పాడు. దీనికి డబ్బు తీసుకోలేదు.

మూలుగు పోయింది. నురుగు రెండు రోజుల్లో పోయింది. బరువు కొంత తగ్గింది, కొంతే. ఎర్ర ఆయిల్ నిర్మలంగా కనిపిస్తోంది, స్టీరింగ్ మాత్రం మొండిగానే ఉంది.

అప్పుడే నాకొకటి తెలిసింది. బరువు ఒకే తీరుగా లేదు. స్టీరింగ్ తిప్పుతుంటే గట్టిగా, తరవాత తేలిగ్గా, మళ్లీ గట్టిగా, మళ్లీ తేలిగ్గా వస్తోంది. ఒక్క చుట్టులో రెండుసార్లు. నొప్పి ఉన్న భుజానికి ఈ తేడా బాగా తెలుస్తుంది. గట్టిగా వచ్చే చోటు రాకముందే భుజం బిగుసుకునేది. మార్చి 1న షెడ్డుకెళ్లి ఇదే చెప్పాను. తెల్ల టేపు ముక్క స్టీరింగ్ పైన అంటించి, అది ఎక్కడికొచ్చినప్పుడు బరువవుతోందో కూడా చూపించాను. "పాత బండి కదా మేడం, అలాగే ఉంటుంది" అన్నాడు. టైర్లలో గాలి చూశాడు, 24 ఉంటే 30కి పెంచాడు. కాస్త మేలనిపించింది, అంతే. ర్యాక్‌లో టకటకమని చిన్న శబ్దం వస్తోందని దాని కింద బోల్టు ఒకటి బిగించాడు. ఈ బోల్టు సంగతి తరవాత చెబుతాను.

వారం గడిచింది. మళ్లీ వెళ్తే పంపు వీక్ అన్నాడు. గేజ్ పెట్టి చూశారా అని అడిగాను. అప్పటికి నేను చదివీ, అడిగీ తెలుసుకున్నది అది. పంపుకీ ర్యాక్‌కీ మధ్య ప్రెషర్ గేజ్ పెడితే పంపు ఎంత నెడుతోందో అంకెలో తెలుస్తుంది. గేజ్ లేదు, అనుభవంతో చెబుతున్నానన్నాడు. నాకు అనుమానంగానే ఉంది. కానీ ఆ వారంలోనే నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్లాలి, భుజం నొప్పికి రాత్రిళ్లు నిద్ర లేదు. సరేనన్నాను. మార్చి 15న రీకండిషన్ చేసిన పంపు వేశారు. 5,500, కూలి ఇంకో 1,000. అదే బరువు, అదే రెండు చోట్ల. టేపు ముక్క కూడా అదే చోట ఆగింది.

ఆ రోజు నాకు నిజంగా కోపం వచ్చింది. డబ్బు పోయినందుకే కాదు. ఏం జరుగుతోందో చేతికి తెలుస్తోంది, నోటితో చెప్పాను, చూపించాను. అయినా వినలేదు. ఆడమనిషి చెబితే బండి గురించి ఏం తెలుసులే అనుకున్నాడో, పని ఎక్కువై తీరిక లేదో, నాకు తెలియదు. ఆ షెడ్డుకు మళ్లీ వెళ్లలేదు.

మా బడిలో డ్రాయింగ్ టీచరు చింతాద్రిపేటలో ఒక చిన్న షాపు చెప్పింది. స్టీరింగ్ ర్యాకులు, పంపులు మాత్రమే చేస్తారు. మార్చి 22, శనివారం పొద్దున తొమ్మిదికల్లా వెళ్లాను. సందులో ఒక్క బండి పట్టే జాగా. మెకానిక్‌కు అరవై దాటి ఉంటాయి. నేను అరవంలో మొదలుపెడితే ఆయన తెలుగులో జవాబిచ్చాడు. శ్రీకాళహస్తి పక్క పల్లెట, వచ్చి నలభై ఏళ్లయిందట.

అంతా విని, "ఇంజిన్ ఆఫ్ చేసి, చక్రాలు ఎత్తి తిప్పి చూసినారామ్మా?" అని అడిగాడు.

గాలి తీసేటప్పుడు తిప్పారు గానీ బరువు కోసం ఎవరూ చూడలేదన్నాను.

ముందు గేజ్ పెట్టాడు. తిప్పి చివరికి వచ్చాక ఒక్క రెండు సెకన్లు పట్టి చూపించాడు, చదరపు సెంటీమీటరుకు 65 కేజీల దాకా లేచింది. పంపుకేం లేదన్నాడు. తరవాత ముందు చక్రాలు రెండూ ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టి, ఇంజిన్ ఆపి నన్నే తిప్పమన్నాడు. చక్రాలు నేలకు తగలడం లేదు కాబట్టి టైరు బరువు లేదు, ఇంజిన్ ఆగింది కాబట్టి పంపు లేదు. అయినా అదే, గట్టిగా, తేలిగ్గా, గట్టిగా. నా టేపు ముక్క చూసి, "ఇది మీరే పెట్టినారా? మంచి పని చేసినారు" అన్నాడు. ఇన్ని వారాల్లో ఆ టేపును పట్టించుకున్న మొదటి మనిషి ఆయన.

డ్రైవర్ కాళ్ల దగ్గర తలపెట్టి దూరి, షాఫ్టు కింది జాయింటు మీద, ర్యాక్ పళ్ల మీద తెల్ల పెయింటుతో ఒక గీత గీశాడు. ఊడదీసి బిగించేటప్పుడు ఒక్క పన్ను తప్పినా స్టీరింగ్ వంకరగా నిలబడుతుందట. బోల్టు తీసి షాఫ్టు బయటికి లాగాడు. "ఇప్పుడు ర్యాక్ తిప్పండి" అని పళ్లకు ఒక స్పానర్ అందించాడు. ఎక్కడా ఆగకుండా, ఒకే తీరుగా మెత్తగా తిరిగింది. తరవాత షాఫ్టు నా చేతిలో పెట్టాడు.

చిన్న ఇనుప ముక్క. రెండు కొసలా రెండు క్రాస్ జాయింట్లు. పైది మణికట్టులా ఏ వైపుకైనా వంగుతోంది. కిందిది ఒక వైపు వంగుతోంది, రెండో వైపు వంగడం లేదు. బలం పెడితే గరగరమంటూ కాస్త కదిలి ఆగిపోతోంది. క్రాస్ కప్పుల చుట్టూ తుప్పు, దాని సందుల్లో ఎండిపోయిన బూడిదరంగు బురద. మెకానిక్ గోటితో గీరితే పొడిగా రాలింది. "నీళ్లలో మునిగిన బండిదమ్మా ఇది" అన్నాడు. 2023 డిసెంబరు మిగ్‌జాం తుఫానులో మా వీధిలోనే కార్ల కిటికీల దాకా నీళ్లు నిలిచాయి. అలాంటిదే ఏదో బండి విప్పేసి ఉంటారు.

పంపు బాగుండగా అంత బరువెందుకు అని అడిగితే ఆయన చెప్పింది నాకు బాగా ఎక్కింది. మనం స్టీరింగ్ తిప్పితే, ర్యాక్ మొదట్లో సన్నటి కడ్డీ ఒకటి కొద్దిగా మెలి తిరుగుతుంది. ఆ మెలికను బట్టే వాల్వు తెరుచుకుని ఆయిల్ ఏ వైపు, ఎంత వెళ్లాలో తేలుతుంది. అంటే కడ్డీకి కింద ఎక్కడ బిగువున్నా ఆయిల్ సాయం చేస్తుంది. కడ్డీకి పైన, చెయ్యికీ వాల్వుకీ మధ్య బిగువుంటే దానికి తెలిసే దారే లేదు. ఆ బరువంతా చెయ్యే మొయ్యాలి. అందుకే కొత్త పంపు వేసినా అణువంత తేడా రాలేదు. క్రాస్ ఒక వైపు పట్టేస్తే చుట్టుకు రెండుసార్లు ఆ వైపు వస్తుంది కాబట్టి రెండుసార్లు బరువవుతుంది. నేను బళ్లో లెక్కలు చెబుతాను. అంత సూటిగా పిల్లలకు ఎప్పుడైనా చెప్పానా అనిపించింది.

షాఫ్టు కోసం కార్ల విడిభాగాలమ్మే జీపీ రోడ్డుకు వెళ్లాను. మూడు షాపుల్లో లేదన్నారు, నాలుగో షాపులో లోపలికి వెళ్లి పావుగంట వెతికి తెచ్చారు, కొత్తది 1,900. కొనే ముందు రెండు జాయింట్లూ నాలుగు వైపులా వంచి చూశాను. సాయంత్రానికి బిగించేశారు.

సందులోంచి బయటికి తీస్తుంటే రెండు వేళ్లతో తిరిగింది. ఒక్క చోట కూడా ఆగలేదు. నాన్న బతికుండగా ఈ బండి అమ్మక్కర్లేదు అనుకున్నాను, ఆ మాట పైకి అనలేదు.

మర్నాడు కొన్నూర్ హైరోడ్డులో ఎడమకు తిప్పాక, మామూలుగా స్టీరింగ్‌ను వేళ్ల మధ్య వదిలాను. అది నిటారుకు రాలేదు! తిప్పిన చోటే ఉండిపోయింది, బండి పేవ్‌మెంటు వైపు వెళ్తోంది. గబుక్కున నేనే లాగాను. ముందు అంతా బరువుగా ఉన్నప్పుడు ఈ లోపం తెలియలేదు, ప్రతిసారీ చేత్తోనే తెచ్చేదాన్ని కదా. ఇది చాలా ప్రమాదం. తేలికైన స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాకపోతే, అలాంటి బండిని హైవే మీదికి తీసుకెళ్లకూడదు.

స్కూలు పరీక్షల వల్ల 29వ తేదీ దాకా వెళ్లలేకపోయాను. చింతాద్రిపేట మెకానిక్‌కు ఫోన్లో చెప్తే, "శబ్దం వస్తుందని ర్యాక్ కింద బోల్టు ఎవరైనా బిగించినారా?" అని అడిగాడు. మార్చి 1న బిగించిన బోల్టు! ర్యాక్‌ను పళ్లకు అదిమిపెట్టే స్ప్రింగు దాని వెనకే ఉంటుందట. వదులైతే టకటక, బిగువైతే వెనక్కి రాదు. ఇది వాల్వుకు కింద ఉండే బిగువు కాబట్టి తిప్పేటప్పుడు ఆయిల్ మోసేస్తుంది, చెయ్యికి తెలియదు. చక్రాలు వెనక్కి రావాల్సినప్పుడు మాత్రం పట్టుకుంటుంది. శనివారం ఆయన కొద్దిగా వదులుచేసి, రోడ్డు మీద నాతో నడిపించి, మళ్లీ వెంట్రుకవాసి బిగించి, మూడుసార్లు అలా సరిచేశాడు. రెండు రోజుల పనికీ కలిపి 1,200 తీసుకున్నాడు. అలైన్‌మెంట్ 500 వేరే షాపులో. మొత్తం కలిపితే 31,650. అందులో పంపుకు పోసిన 6,500 ఊరికే పోయినట్టే. తీసేసిన పంపు డిక్కీలో గుడ్డలో చుట్టి ఉంచాను.

ఇంకొకటి కూడా చేయించుకోవాల్సి వచ్చింది. సిగ్నల్ దగ్గర ఆగి స్టీరింగ్ తిప్పితే ఇంజిన్ ఆగిపోయేది. పంపు ఇంజిన్ బలమే తినేది కదా, కార్బురేటర్ బండికి ఐడిల్, అంటే బండి నిలబడ్డప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, చాలేది కాదు. పై మోడల్‌లో ప్రెషర్ పెరగగానే ఐడిల్ పెంచే స్విచ్ ఉంటుంది. మాకు ఆ వైరు ఎవరూ కలపలేదు. ఆయన కలిపి, ఐడిల్ కూడా కాస్త పెంచాడు. సెట్టు కొనేటప్పుడు ఈ స్విచ్, దాని వైరు ఉన్నాయో లేదో అడిగి తీసుకోండి. చిన్నది కాబట్టి విప్పేవాళ్లు కత్తిరించి పారేస్తారు.

మార్చి 30 ఆదివారం ఉగాది. పొద్దున ఆరుకు పచ్చడి డబ్బాలో కట్టుకుని నెల్లూరు బయల్దేరాం. రెడ్‌హిల్స్ దాటేదాకా నాన్న మాట్లాడలేదు, నా చేతుల వైపే చూస్తూ కూర్చున్నారు. తడ దగ్గర టీకి ఆగి మళ్లీ బయల్దేరేటప్పుడు లారీల మధ్య చిన్న జాగాలోంచి వెనక్కి తియ్యాల్సి వచ్చింది. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కుడిచేత్తోనే తీశాను. "నొప్పి లేదా?" అన్నారు. లేదన్నాను.

తిరిగొచ్చాక కొత్త హోస్ బిగించిన చోట ఒక్క చుక్క ఎర్ర ఆయిల్ కనబడింది. తుడిచి, కింద అట్టముక్క పరిచాను. రెండు రోజులకు అట్ట మీద అర్ధరూపాయంత మరక. శనివారం మళ్లీ చింతాద్రిపేట వెళ్లాలి.